పాత మందుల చీటీ

ముప్పై ఒక్కేళ్లు పెద్దాసుపత్రి టెలిఫోన్ బోర్డు దగ్గర కూర్చుని ఊరందరి మాటలూ కలిపిన మనిషి ఆవిడ. "ఒక్క నిమిషం ఉండండి, కలుపుతున్నాను" అనే ఆ గొంతు తెలియనివాళ్లు లేరు, గొంతు వెనక మనిషి తెలిసినవాళ్లూ లేరు. అందరికీ ఆపరేటరమ్మే. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా ఆరా తీస్తే, లైను బిజీగా ఉందని చెప్పి నవ్వేసేది. రిటైరయ్యాక తమ్ముడింటికి చేరింది. కుట్టుమిషనూ ఇస్త్రీబల్లా ఉన్న గదిలో, గోడవారగా ఒక మంచం ఆవిడది.

ఇంటికంతటికీ ఒక్కటే ల్యాప్‌టాప్. మరదలు బళ్లో సైన్సు టీచరు, తన పాఠాలన్నీ రికార్డు చేసి అందులోనే పెడుతుంది. వారంలో కొన్నాళ్లు అది ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ రోజుల్లో పదింటికి అందరూ బయటపడగానే ఆపరేటరమ్మ దాని ముందు చేరేది. పాపం, పేకాట ఆడుకుంటోందని ఇంట్లోవాళ్లు అనుకునేవాళ్లు. ఆవిడ రాసుకునేది. రెండేళ్లలో రెండు వందల పద్నాలుగు పేజీలు.

దాచుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకుంది. ఫైలు పేరు "పాత మందుల చీటీ". రాయడం అయిపోగానే దాన్ని డిలీట్ చేసేది. మళ్లీ కూర్చున్నప్పుడు రీసైకిల్ బిన్ అనే చెత్తబుట్ట తెరిచి, వెనక్కి తెచ్చుకుని, రాసుకుని, మళ్లీ అందులోనే పడేసేది. "ఆ బుట్టలో ఎవరు చూస్తారత్తా, కావాలంటే ఎప్పుడైనా తీసుకోవచ్చు" అని మేనకోడలు ఒకసారి అన్న మాట పట్టుకుంది. నవ్వకండి. బీరువాలో ఒక అర కూడా తనదంటూ లేని మనిషి ఎక్కడ దాచుకుంటుంది?

ఆ పేజీల్లో ఒక మధ్యాహ్నం ఉంది. ఎవరో తండ్రి ఫోను చేసి, తన కూతురు ఉన్న వార్డుకి కలపమన్నాడు. లైను పట్టుకోమని చెప్పి, చేతిలో టీ అయ్యేదాకా ఆగి కలిపింది. అప్పటికి అక్కడ ఫోను ఎత్తి మాట్లాడే స్థితిలో ఆ పిల్ల లేదు. ఈ సంగతి ఆవిడ బతుకులో ఎవరికీ చెప్పలేదు. ఆ పేజీల్లోనే మరదలు కూడా ఉంది, పదకొండు పేజీల నిండా. "ఈ ఇంట్లో నాకంటూ ఒక గది లేకుండా పోయింది" అని మరదలు తమ్ముడితో అనడం తలుపు చాటున విన్న రోజు, కడుపుమంటతో రాసినవి. రాసేటప్పుడు ఒక్క మాట కూడా దాచుకోలేదు.

ఆదివారం ఉదయం మరదలికి ప్రశ్నపత్రం సేవ్ కాలేదు. డిస్కు నిండిపోయిందని చెబుతూ ఎర్రగీత కనిపించింది. ఇంకొకరైతే కనిపించిందల్లా తుడిచి పారేసేవాళ్లు. మరదలు అలాంటిది కాదు, తొందరపాటు ఆవిడ ఒంట్లో లేదు. ఏది ఎంత చోటు తింటోందో ముందు కాగితం మీద రాసుకుంది. సిస్టమ్ ఫోల్డర్ల జోలికి వెళ్లలేదు. వీడియోలన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, అక్కడ ఒక్కొక్కటీ తెరిచి, ఆడుతోందని చూసుకున్నాకే ఇక్కడ డిలీట్ చేసింది. గంటన్నర కష్టపడ్డా ఎర్రగీత కదల్లేదు.

"అన్నీ ఆ బుట్టలోనే కూర్చున్నాయమ్మా. అది ఖాళీ చేస్తేనే చోటొస్తుంది" అంది మేనకోడలు.

వంటింటి గడపలో నిలబడి వింటున్న ఆపరేటరమ్మ ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చింది.

"చేసేముందు ఒకసారి చూస్తాను" అని మరదలు కళ్లజోడు సర్దుకుని జాబితా కిందికి జరుపుతూ పోయింది. ఒకచోట ఆగింది. "వదినా, పాత మందుల చీటీ అట. మీదేనా?"

"నాదే."

"పొరపాటున పడిపోయినట్టుంది. బీపీ మాత్రలు మార్చినప్పటిదేమో. వెనక్కి తెచ్చి చూడనా? రేపు డాక్టరు అడిగితే పనికొస్తుంది."

ఔనంటే చాలు, ఫైలు బతికేది. కానీ మరదలు తెరుస్తుంది. తెరిస్తే పదకొండు పేజీలు. ఇంత ఓపిగ్గా, తన మాత్రల గురించి అడుగుతున్న మనిషి ఆ మాటలు చదువుతుంది. తర్వాత ఈ ఇంట్లో ఏ ముఖం పెట్టుకుని అన్నం తినాలి? తెరవకుండా ఉంచమ్మా అందామనుకుంది. మందుల చీటీని తెరవొద్దనడం ఏమిటని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

"వద్దులే. పాతది" అంది చివరికి.

"ఖాయమేనా వదినా? పోతే మళ్లీ రాదు."

"ఖాయమే."

మరదలు నొక్కింది. కాసేపటికి ఎర్రగీత నీలంగా మారింది. మేనకోడలు చప్పట్లు కొట్టింది. "అయినా అత్త చీటీ ఎంతుంటుందమ్మా," అంది, "ఒక్క ఫొటో అంత చోటు కూడా పట్టదు. ఉన్నా లేకపోయినా ఒకటే."

ఆపరేటరమ్మ గదిలోకెళ్లి మంచం మీద కూర్చుంది. పోయిన ఫైళ్లు షాపులో వెనక్కి తీస్తారని ఎవరో అంటే విన్నది. తీసేవాళ్లు ముందు అడిగేది, ఏం పోయిందమ్మా అనే కదా. మళ్లీ మొదటి పేజీ నుంచి రాయడానికి అరవై ఎనిమిదేళ్ల ఒంట్లో శక్తి లేదు, ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. టీ తాగుతూ ఆగిన ఆ మధ్యాహ్నం సంగతి ఇక ఎవరికీ చెప్పకుండానే పోతుంది. ఏడుపు కూడా రాలేదు, వస్తే బాగుండేది.

సాయంత్రం మరదలు ల్యాప్‌టాప్ తెచ్చి ఒళ్లో పెట్టింది. తెర మీద కొత్త ఫోల్డరు, "వదిన మందులు" అని పేరు.

"మీ చీటీలు ఇకనుంచి ఇందులో పెట్టుకోండి వదినా. దీని జోలికి ఎవరం రాం. ఎన్నయినా పెట్టుకోవచ్చు, బోలెడంత ఖాళీ ఉంది."

"మంచిదమ్మా" అంది ఆపరేటరమ్మ.