ముప్పై సెకన్ల గొంతు

మా ఆవిడ ఇంట్లో గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నేను అన్నం ముందు నుంచి విసురుగా లేచిపోయినా "ఊఁ" అంటుంది, అంతే. అలాంటి మనిషి స్టేడియం మెట్ల కింద ఆటగాళ్ళ సత్తా కొలిచే పరీక్ష గదిలో పరాయివాళ్ళ కోసం గొంతు చించుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణా? నా చెవులతో నేనే విన్నాను.

చదువుకునే రోజుల్లో తనూ పరిగెత్తేది. మోకాలు దెబ్బతిన్నాక ఆ గదిలోనే ఉద్యోగంలో చేరింది. నాది సైకిళ్ళ రిపేరు. వాళ్ళ పరీక్ష సైకిల్ గొలుసు జారుతోందని ఓ రోజు నన్ను పిలిపించారు. అది ఎటూ కదలదు, నేలకు బిగించి ఉంటుంది. మనిషి బరువును బట్టి చక్రానికి బ్రేకు వేసి, ముప్పై సెకన్లు ప్రాణం పెట్టి తొక్కమంటారు. అంత జోరులో పీల్చే గాలి చాలదట, కండరాలు తమలో ఉన్న సరుకు మీదే నడుస్తాయట. ఎవరి దగ్గర అది ఎంతుందో, ఎంత త్వరగా తరిగిపోతుందో కంప్యూటర్ గీత గీసి చూపిస్తుంది. కాసేపాగి మా ఆవిడ తొక్కినవాళ్ళ చెవి తమ్మె మీద చెమట తుడిచి, సూది గుచ్చి, మొదటి చుక్క పారేసి, రెండో చుక్కలో లాక్టేట్, అంటే కండరాలు అలా కష్టపడితే రక్తంలో చేరే పదార్థం, ఎంత పెరిగిందో చూస్తుంది.

నేను గొలుసు బిగించగానే ఓ పొడుగాడు సైకిలెక్కాడు. నాలుగొందల మీటర్ల పరుగువాడు. మా ఆవిడ పక్కనే నిలబడి, "తొక్కు నాన్నా! దాచుకోకు! అంతే, నా బంగారం, ఇంకా!" అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. బంగారమట! పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నన్ను వెండి అని కూడా అనలేదు. వాడు దిగి తూలిపోతుంటే వీపు నిమిరింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పానా సంచిలో పడేసి వచ్చేశాను.

రాత్రి ఆగలేక అడిగేశాను. "ఎవడే వాడు, నీ బంగారం?"

"అయ్యో రామా! అది పనండీ. అరవకపోతే ఎవరూ ఉన్న బలం మొత్తం పెట్టరు. ఒకరికి అరిచి ఒకరికి అరవకపోతే లెక్క తప్పుతుంది. ఎవరెక్కినా అలాగే అరుస్తాను."

"నేనెక్కినా?"

తను నా వంక వింతగా చూసింది. "ఎక్కండి చూద్దాం."

ఆదివారం గది ఖాళీగా ఉంటే తీసుకెళ్ళింది. నా బరువు చూసి బ్రేకు వేసింది. "మొదటి క్షణం నుంచే మొత్తం పెట్టెయ్యాలి. చివరికి ఉంచుకుందాం అనుకుంటే పరీక్ష పాడవుతుంది" అని రెండుసార్లు చెప్పింది.

మొదలుపెట్టాను. అబ్బ, ఏం అరిచిందో! "తొక్కండి! నా రాజా, ఆగొద్దు, ఇంకా!" తన మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొడుగాడికి ఇందులో సగం కూడా దక్కలేదు. నా కడుపు చల్లబడింది. నవ్వుకుంటూ దిగాను, కాళ్ళు కూడా వణకలేదు.

తను కంప్యూటర్ ముందు కూర్చుంది. అందరి గీతా ఒక్కసారిగా లేచి జారిపోతుందట. నాది చాప పరిచినట్టుంది. కాసేపాగి చెవికి సూది గుచ్చి చుక్క తీసింది. నమ్మకం కుదరక మళ్ళీ తుడిచి ఇంకోటి తీసింది. లాక్టేట్ పెద్దగా పెరగలేదు.

"దాచుకున్నారు" అంది.

"కింద పడితే నవ్వుతావని..."

"పొడుగాడికి నేను ఏమవుతానండీ? అయినా ఉన్నదంతా పెట్టేస్తాడు. ఇవాళ మీకోసం ఎవరికీ అరవనంత అరిచాను. మీరు నా దగ్గర కూడా దాచుకున్నారు."

తనకి కోపం కూడా రాలేదు. అదే నాకు గుచ్చుకుంది. అన్నం దగ్గరా, మాట దగ్గరా, తను జ్వరంతో పడుకున్న రోజుల్లోనూ నేను ఎంత తక్కువ ఖర్చయ్యానో గుర్తొచ్చింది. పొడుగాడి మీద కుళ్ళు రెట్టింపైంది.

"ఇంకోసారి ఎక్కుతాను. ఈసారి మొత్తం పెడతాను" అన్నాను.

"నా గొంతు పోయిందండీ" అంది బొంగురుగా, కంప్యూటర్ ఆపేస్తూ.