ముందు ఆయనెక్కేటోడు

మా ఉస్తాద్ పోయిండు. మంగళవారం పొద్దుగాల ఆయన బిడ్డ ఫోన్ చేసి "అన్నా, బాపు లేడు" అన్నది. విన్నోళ్లందరు నన్ను అడిగింది ఒక్కటే: "తాడు తెగిందా?" ఒళ్లు మండింది. ఆయన చూసిన తాడు ఏనాడూ తెగలే. జ్వరమొచ్చి, బోధన్ దవాఖానల మంచం మీద పోయిండు.

చక్కెర ఫ్యాక్టరీ నడిచిననాడు ఆయన పొగగొట్టమెక్కి రంగులేసేటోడు. అది బందైనంక నిజామాబాద్ చుట్టూ కాలేజీలల్ల సాహస పోటీలకు తాళ్లు కట్టుడు మొదలువెట్టిండు. నిలువు గోడ ఎక్కుడు, తాడు పట్టుకొని ఎత్తు మీదికెల్లి దిగుడు. పిల్లలకది ఆట. మాకు భయం. ఆరేండ్లు ఆయన కింద పనిచేసిన. ఆయన బిడ్డ గూడ మాతోని తాళ్లు మోసేది.

పిల్లలకన్న ముందు ఆయనే ఎక్కేటోడు. తాడు మొత్తం కండ్లు మూసుకొని వేళ్ల నడుమ గుంజి, నడుముకు కట్టుకొని, కింద రెండో కొస పట్టే నన్ను "పట్టినవా?" అనేటోడు. "పట్టిన ఉస్తాద్" అంటేనే కాలు లేపేటోడు. సగం ఎత్తుల రెండు చేతులు వదిలి ఊగేటోడు. పిల్లలు ఈలలేసేటోళ్లు: "తాతా, ప్రైజు నీకే!"

"ప్రైజు మీరే తీస్కోండ్రి. కాళ్లు చేతులతోని ఇంటికి పోండ్రి, చాలు."

పోయినేడు ఆర్మూర్ దిక్కు ఒక కాలేజీల తప్పు చేసిన. మైకు లొల్లి, నిర్వాహకుని తొందర. ఒక తాడు చూడకనే "మంచిగున్నది" అన్న. ఉస్తాద్ తిట్టలే. దాన్ని నా నడుముకు కట్టి "ఎక్కు" అన్నడు. నేను ఎక్కలే.

"నువ్వెక్కని తాడు మీద ఎవని బిడ్డను ఎక్కిస్తవ్ రా?" అన్నడు మెల్లగ. కొడవలి తెప్పించి అందరి ముంగట కోసిండు. పైకి కొత్తదే. లోపలి పోగులు సగం తెగి ఉన్నయి.

ఆయన దినాలు గూడ కాకముందే ఆ నిర్వాహకుడే ఫోన్ చేసిండు. "ఈసారి ముసలాయన ఎక్కుడు దిగుడు లేదు కద, జల్ది షురూ చేద్దాం."

బూతులు నోటిదాక వచ్చినయి. "ముందు నేనెక్కుత. లేకుంటే పోటీ లేదు" అని పెట్టేసిన. ఆరేండ్లల్ల నేను కింద తాడు పట్టుడే గని, ఒక్కనాడు ఎక్కలే.

దినాలయినంక ఆదివారం, పోటీ నాడు, ఆ కాలేజీ గోడ ముంగట నిలవడ్డ. కండ్లు మూసుకొని తాడు మొత్తం గుంజిన, రెండుసార్లు. ఉస్తాద్ బిడ్డ బాపు చేతి తొడుగులేసుకొని కొస పట్టింది.

"పట్టినవా?"

"పట్టిన అన్నా."

సగం ఎత్తుల ఆగిన. చేతులు వదలాలె. వేళ్లు ఊడుతలేవు. కిందికి చూసిన. అంతమంది పిల్లలున్న మైదానంల, చిన్నగ, తల పైకెత్తి తాడు పట్టుకున్న ఒక్క మనిషి. ఉస్తాద్‌కు రోజూ కనబడ్డది గిదే. అప్పుడా మనిషి నేనే. ఆ తప్పు చేసిన తెల్లారి గూడ ఆయన నా చేతుల మీదనే ఎక్కిండు, సగంల ఆగి, రెండు చేతులు వదిలిండు.

నేను గూడ వదిలిన. ఒక్కసారి జారిన, తాడు బిగిసింది. పిల్లలు ఈలలేస్తున్నరు. గాలికి ఊగుతున్న, రెండు చేతులు ఖాళీగ.