సెంటరు గడి

దరియాలతిప్పలో మా మేనత్త పోయిన సోమవారం కన్నుమూసింది. యానాం చేపల బజారులో ఆమె దగ్గర కొన్నవాళ్లందరికీ ఆ ముఖం తెలుసు. ఆమె డిగ్రీ పాసైందని తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు బజారు పక్కన నెట్ సెంటరు ఉంది. ఆరేడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, సరుకు అయిపోయాక, ఖాళీ తట్ట గుమ్మం బయట పెట్టి అత్త లోపలికి వచ్చింది. ఓపెన్ స్కూల్లో ఇంటరు అయిందని, ఇక దూరవిద్యలో డిగ్రీ చదువుతానని చెప్పింది. నేను మూడు యూనివర్సిటీల వివరాలు తీసి ఇచ్చాను. వాటిలో ఒకదాని ఏజెంటు అప్పుడు నా దగ్గరే కూర్చుని ఉన్నాడు. చదవక్కర్లేదు, ఏడాదిలో పట్టా చేతికొస్తుందన్నాడు. నాకది బాగానే ఉందనిపించింది.

"పాఠం పుస్తకం ఒకటి చూపించు బాబూ" అంది అత్త.

అతని దగ్గర రంగుల కాగితాలే ఉన్నాయి.

"మొప్ప ఎత్తి చూడనివ్వని చేప నేను కొనను" అని లేచింది.

మిగిలిన రెండింటి నుంచి ఒక్కో పాఠం ప్రింటు తీయించుకుని వారం పాటు చదివింది. సగమే అర్థమైనదాన్ని ఎంచుకుంది. అంతా తెలిసిందాన్ని మళ్లీ చదవడమెందుకంది. చరిత్ర తీసుకుంది.

దరఖాస్తు నేను నింపాను. చుట్టూ ఆంధ్రా ఉన్నా కాగితాల మీద మాది పుదుచ్చేరి. ఆ అలవాటులో పరీక్ష సెంటరు గడిలోనూ అదే నొక్కేశాను. హాల్ టికెట్ వచ్చాక గాని చూసుకోలేదు. గంటలో చేరే కాకినాడ ఉండగా, ఒక రోజు రైల్లో కూర్చోవలసిన ఊరు పెట్టాను. మార్చుకునే గడువు దాటిపోయింది. వెళ్లకపోతే ఏడాది పోతుంది.

చెప్పడానికి బజారుకే వెళ్లాను. అత్త పండుగప్ప కోస్తోంది. చెయ్యి ఆపకుండా విన్నది. పక్కన రొయ్యలమ్మే ఆవిడ నవ్వింది.

"మేనల్లుడు నిన్ను తట్టతో సహా పాండిచ్చేరి పంపేత్తన్నాడొదినా."

అత్త మాత్రం, "రైలు ఎన్నింటికిరా?" అని అడిగింది.

వెళ్లి రాసి వచ్చింది. నన్ను తిట్టలేదు. వచ్చాక ఒక్క మాట అంది.

"యానాంలో నన్ను చూత్తే చేపెంతంటార్రా. అక్కడ ఒకావిడ, మీదేం సబ్జెక్టండీ అనడిగింది."

నేను బాధపడకుండా అలా అంటోందనుకున్నాను.

మరుసటి ఏడాది సెంటరు మారుద్దామన్నాను. ఉండనీ అంది. నేను మళ్లీ ఏం నొక్కుతానోనని భయపడుతోందనుకున్నాను. ప్రతి ఏడూ అంత దూరమూ వెళ్లింది. రెండు పేపర్లు తప్పితే, వాటి కోసం మళ్లీ వెళ్లింది. పుస్తకాలు తడవకుండా, చేపలకు ఐసు వేసే థర్మాకోల్ పెట్టెలో దాచుకునేది. తెల్లారకముందే బజారుకొచ్చే మనిషి అవన్నీ ఎప్పుడు చదివిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పట్టా వచ్చిన రోజు కూడా తట్ట ఎత్తుకునే వచ్చింది.

నిన్న ఆ పెట్టె తెరిచాం. చేప వాసన వచ్చింది. పుస్తకాల మీద ఎమ్మే దరఖాస్తు కాగితం ఉంది. పోయిన నెల నేనే ప్రింటు తీసి, ఈసారి తప్పు దొర్లకుండా పెన్సిలుతో నింపి తెమ్మని ఇచ్చాను. పేరు రాయలేదు. ఊరు రాయలేదు. పుట్టిన తేదీ దగ్గరా ఖాళీయే. పరీక్ష సెంటరు గడిలో మాత్రం, పెన్సిలు గట్టిగా ఒత్తి, పుదుచ్చేరి అని రాసుకుంది.