మందారం ఆకుల మీది నలుపు

మామయ్య పురుగుమందు సీసా మూత తిప్పుతుండగా, నా చిన్నపిల్ల మందారపువ్వు తెంపి కాడ చివర నోట్లో పెట్టుకుంది. తేనె పీల్చడం దానికి అక్క నేర్పిన విద్య. సీసా వాసన వరండాలో ఉన్న నాదాకా వచ్చింది. చేతిలోని తడిబట్టలు వదిలేసి పరుగెత్తాను. మందు ఇంకా నీళ్లలో కలపనే లేదు. అయినా దాని నోరు రెండుసార్లు కడిగాను.

మామయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఈ బెంగాలీ ఊళ్లో, ఝపటాపూర్ పేటలో ఈ ఇల్లు కట్టినప్పుడు గోడ పొడుగునా ఆయన నాటిన ఎర్రమందారాలవి. ఈసారి ఆకులన్నీ నల్లబడ్డాయి, మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయి. ఆయనకు నలుపంటే మసే. నెలరోజులు పొద్దున్నే ఆకుల్ని పైపైన కడిగారు, పాత బనియను గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచారు. నలుపు మళ్లీ మళ్లీ వచ్చింది. చివరికి ఆ సీసా తెచ్చారు.

"అది మసి కాదేమో మామయ్యా," అన్నాను.

"ముప్పై ఏళ్లు మసిలోనే బతికినాను. నాకు తెల్దా?"

"బొగ్గింజన్లు ఎప్పుడో పోయాయి కదా."

"ఏటమ్మా, కాలేజీలో మసి పాఠం కూడా సెప్పినారేటి?"

నేను చదివింది వృక్షశాస్త్రం. పెళ్లయ్యాక దాని ఊసెత్తిన వాళ్లు లేరు. కానీ పిల్లలిద్దరూ బడి నుంచి రాగానే దూరేది ఆ కొమ్మల కిందే. మందు కొడితే ఎన్నాళ్లని ఆపగలను? రెండు వారాలు గడువడిగాను.

"రెండు ఆదివారాలు. ఆపైన కొట్టేస్తాను. గుంటలిద్దర్నీ లోపలెట్టుకో."

సీసాను బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ సాయంత్రం ఒక ఆకును తడివేలితో రుద్దాను. నలుపు పొరలా లేచొచ్చింది, కింద ఆకు పచ్చగానే ఉంది. వేలికి జిగురంటింది. మసికి జిగురెక్కడిది? ఆకు వెనక్కి తిప్పాను. ఈనెల పక్కన, మొగ్గల మొదట్లో దూది అంటించినట్టు తెల్లటి ఉండలు. పిండినల్లి. అది చెట్టు రసం తాగి తీపి జిగురు వదులుతుంది, ఆ జిగురు మీద నల్లబూజు పడుతుంది. తీపికోసం చీమలు బారులు కట్టి కాండం ఎక్కుతున్నాయి. పిండినల్లికి కాపలా కాసేవి కూడా అవే. ముందు వాటిని ఆపాలన్నాను.

ఆ మాట వినగానే మామయ్య లేచెళ్లి, చీమలు దాటలేవని గ్రీజు డబ్బా తెచ్చారు. బెరడుకి తగలకుండా కాండానికి గుడ్డ చుట్టి, గుడ్డ మీద పూయమన్నాను.

"గ్రీజు పుయ్యడం నువ్వు నాకు సెప్తావేటి?" అంటూనే నేను చెప్పినట్టే పూశారు.

మరీ పట్టేసిన కొమ్మలు కత్తిరించి సంచిలో మూటకట్టాను. వేపనూనె, కాస్త సబ్బు కలిపిన నీళ్లు ముందు ఒక్క కొమ్మకే కొట్టి, మర్నాటికి ఆకు మాడలేదని చూసుకున్నాకే మిగతావాటికి కొట్టాను. ఎండ దిగాక, ఆకుల అడుగున.

నాలుగు రోజులకి చీమలు మళ్లీ కొమ్మల మీద ఉన్నాయి. నా చదువు మీద నాకే నమ్మకం సడలింది. వెతగ్గా వెతగ్గా కనబడింది, బట్టలారేసే తాడు మీదుగా దర్జాగా వస్తున్నాయి. ఆ తాడు మందారానికి కట్టింది నేనే. విప్పేశాను.

రెండో ఆదివారానికి కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చాయి. మూలనున్న మొక్కకి మాత్రం ఇంకా తెలుపు పోలేదు. మామయ్య కళ్లజోడు పెట్టుకుని ఆకులు తిప్పి తిప్పి చూశారు. పక్కింటి బెంగాలీ ఆయన గేటు దగ్గర ఆగి ఏం మందు వేశారని అడిగాడు.

"దవాయి నహీ, దాదా. హమారా బహూ ఠీక్ కియా," అన్నారు మామయ్య, మందేమీ కాదు, కోడలే బాగుచేసిందని వీధి చివరిదాకా వినబడేటట్టు. తర్వాత నావైపు తిరిగి, "తాళం తియ్యమ్మా. ఆ సీసా కొట్లో ఇచ్చేసి వస్తాను," అన్నారు.

మర్నాడు పొద్దున బడికి తయారైన పిల్లలిద్దర్నీ గోడ దగ్గర నిలబెట్టి చెప్పాను: "ఈ మొక్కల్ని బాగుచేసింది మీ అమ్మ. ఎవరడిగినా అలాగే చెప్పండి. గ్రీజు పని తాతది, అది కూడా చెప్పండి. మూల మొక్కని మాత్రం ముట్టుకోవద్దు, దానికి ఇంకా వైద్యం చేస్తున్నాను."