తవిటయ్య నటన గురించి నేను రాసిన అబద్ధం

ఈ బరువు గుండెల మీద పెట్టుకునే ముసలివాణ్ణయ్యాను. మా ఇంటిదానికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అరవైల చివర్లో, విజయనగరం నుంచి వచ్చే ఒక చిన్న వారపత్రికలో మారుపేరుతో సినిమా సమీక్షలు రాసేవాణ్ణి. ఆ పేరు నాదేనని సంపాదకుడికి తప్ప ఎవరికీ తెలియదు. కొత్త సాంఘిక చిత్రాల బాగోగులు నిక్కచ్చిగా రాస్తానని పేరుండేది. మాటల్లో పదును పెరిగిందనీ, తెర మీద ఇళ్ళు మన ఇళ్ళలాగే ఉంటున్నాయనీ మెచ్చుకునేవాణ్ణి. శవం లేవకముందే హాస్యగాడు గంతులేస్తున్నాడనీ, కన్నీళ్ళు కుండలతో గుమ్మరిస్తున్నారనీ తిట్టేవాణ్ణి. తాను ఏడవకుండా మనల్ని ఏడిపించే నటుడు ఎప్పుడొస్తాడని ఒకసారి అడిగాను కూడా.

వచ్చాడు. మా మేనత్త కొడుకు తవిటయ్య.

ఇద్దరం కలిసి నాటకాలు వేసేవాళ్ళం. ఒక పోటీలో మమ్మల్ని చూసిన దర్శకుడు ఇద్దరినీ మద్రాసు పిలిపించాడు. తవిటయ్యకు చిన్న వేషం ఇచ్చి, నన్ను పంపేశాడు. నవ్వుతూనే రైలెక్కాను. లోపల రగులుతున్నదేమిటో అప్పుడు నాకు తెలియదా? తెలుసు. తెలియనట్టు ఉండటం సులువని ఊరుకున్నాను.

సినిమా మా ఊరొచ్చింది. తలకు తెల్లరంగు పూసుకుని తవిటయ్య ఒక ముసలి తండ్రి వేషం వేశాడు. ఆసుపత్రిలో ఉన్న కొడుక్కి క్యారేజీలో అన్నం తెస్తాడు. కొడుకు పోయాడని నర్సు చెబుతుంది. అతను ఏడవడు. క్యారేజీ మూత సరిగ్గా పడిందో లేదో చూసుకుంటాడు. “చల్లారిపోతుందమ్మా” అంటాడు. అంతే. నేల టిక్కెట్లవాళ్ళు కూడా కిక్కురుమనలేదు. నేను తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఇంటికొచ్చి ఏం రాశాను? కన్నకొడుకు పోతే కంట తడైనా లేదనీ, చిత్రానికి పెద్ద లోపం ఆ కొయ్యబొమ్మేననీ రాశాను. రాస్తున్నప్పుడు ఒక్క మాట కూడా కొట్టేసి దిద్దలేదు. అదీ చెప్పాలి.

పత్రిక వచ్చిన మర్నాడు మధ్యాహ్నం తవిటయ్య దాన్ని పట్టుకుని నేను గుమాస్తాగా పనిచేసే ఆఫీసు వరండాలోకి వచ్చాడు.

“బావా, ఈ పేపరోడు నన్ను కొయ్యబొమ్మన్నాడు. సదివేవా?”

“సదివేను.”

“నువ్వు సినిమా సూసేవు గదా, నిజం సెప్పు. అంత సెడ్డగా సేసేనేటి? మద్రాసు నుంచి మల్లీ కబురెట్టినారు. ఎల్లమంటావా?”

తప్పు దిద్దుకోవడానికి అంతకన్నా మంచి అదను ఏ మనిషికి దొరుకుతుంది? నేనేమో అతని భుజం మీద చెయ్యి వేశాను.

“నీకు కష్టంగా ఉంటాది గానీ, ఆడు రాసిందాన్లో అబద్దం నేదు బావా. మన మొకాలకి సినిమాలేటి?”

పత్రిక మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు.

“పైవోడెవడైనా అంటే ఓర్సలేక అన్నాడనుకుందును. నువ్వన్నావంటే అంతే.”

మద్రాసు వెళ్ళలేదు. నెల్లిమర్ల జూట్ మిల్లులో చేరాడు. నాటకాలు కూడా మానేశాడు. అచ్చులో రాసింది పెద్ద పాపమా, భుజం మీద చెయ్యి వేసి అన్న మాటా? ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

అతను నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పెళ్ళిళ్ళలో పదిమందినీ కూడేసి, “మా బావ ఆరోజు మొకమాటం నేకుండా సెప్పబట్టి బతికేను, నేకపోతే మద్రాసు ఈదుల్లో అడుక్కుతినీవోణ్ణి” అని నన్ను చూపించేవాడు. నేను తల వంచుకునేవాణ్ణి. అందరూ అది వినయమనుకునేవారు.

నిరుడు అతను జబ్బుపడితే, చెప్పేద్దామనే వెళ్ళాను. నా చెయ్యి పట్టుకున్నాడు. వానల గురించి మాట్లాడి వచ్చేశాను. చివరి రోజుల్లో బాధపెట్టడం ఎందుకని అనుకున్నానా? కాదు. ఆ కళ్ళలో నా మీదున్న గౌరవం పోతుందని భయపడ్డాను. తర్వాత కొద్దిరోజులకే పోయాడు.

క్షమించవలసినవాడు లేడు. మిమ్మల్ని క్షమించమనడం లేదు. చెప్పాను, అంతే. గుండె కొంచెం తేలికపడింది. ఆ తేలిక కూడా నాకు సిగ్గుగానే ఉంది.