పల్లంరాజుగారు చూస్తేగానీ నమ్మరు

రాజమండ్రిలో పల్లంరాజుగారిని ఎరిగినవాళ్ళు ఆయనకు ఏదీ చెప్పరు. చెబితే వెళ్ళి చూసొస్తారు.

వానొస్తోందని భార్య అంటే వీధిలోకి వెళ్ళి, తడిసి వచ్చి, నిజమేనంటారు. అన్నవరం కొండకు మెట్లెన్నో ఎవరో చెప్పారని, వ్రతానికి కూర్చోవలసిన మనిషి పీట మీంచి లేచి మెట్లు లెక్కపెట్టడానికి దిగిపోయారు. ఆత్రేయపురంలో పూతరేకు ఎంత పల్చనంటే అవతల మనిషి కనబడతాడని కొట్టాయన గొప్పలు పోతే, రేకును మొహానికి అడ్డం పెట్టుకుని ఆయన్నే చూసి, "కాస్త మసగ్గా ఉన్నారండి" అన్నారట.

ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం, ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి కొండల్లో అడవి ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో పటం గీయడం. కుర్చీలోంచి కదలక్కర్లేని పని. రాజుగారు మాత్రం ఏడాదికి రెండు జతల చెప్పులు అరగదీసేవారు.

రెండువేల రెండులో ఆయన దగ్గర కొత్తగా చేరిన వీరవేణి, మారేడుమిల్లి వైపు కొండల ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టింది. పదేళ్ళనాటి దాంట్లో ఒక వాలంతా అడవి. కొత్తదాంట్లో బోడి నేల. నలభై ఎకరాలు నరికేశారని పటంలో ఆ చోటును ఎర్ర సిరాతో చుట్టి, పక్కనే సంతకం చేసింది. ఆ పటం పైఅధికారికి చేరితే కొండ మీది ఊరికి నోటీసులు వెళ్తాయి.

"చూసొచ్చావా అమ్మా?" అన్నారు రాజుగారు.

"ఫొటోలో కనబడుతోంది కదండీ."

"అది పైనుంచి. కిందనుంచి కూడా చూద్దాం పద."

జీపు ఆగిపోయిన చోటునుంచి మూడు గంటల నడక. ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఎక్కింది వీరవేణి. తీరా చూస్తే వాలు నిండా పచ్చటి చెట్లు. రాజుగారు అప్పటికీ నమ్మకం కుదరక ఒక్కో మానునూ తట్టి చూస్తున్నారు. తప్పిపోయిన మేక కోసం అటు వచ్చిన బుల్లెమ్మ అనే ముసలామె ఆయన్ని వింతగా చూసి, పైనుంచి తీసిన ఫొటోల సంగతి విని, శివరాత్రి దాటితే ఇక్కడ ఆకంతా రాలిపోతుందని, వానలకు మళ్ళీ చిగురిస్తుందని చెప్పింది.

పాత ఫొటో కార్తీకంలోది, కొత్తది ఎండాకాలంది. తేదీలు చూసుకోనిది వీరవేణే. ఒక ఊరిని దొంగల్ని చేయబోయినందుకు ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. చేరి మూడు నెలలైనా కాలేదు, ఆఫీసులో తెలిస్తే ఏమంటారో.

"పైనుంచి కొండంతా కనబడుద్దంటన్నారు గదా బాబూ, మా మేక ఎక్కడుందో చెప్పండి," అంది బుల్లెమ్మ.

మేకంత చిన్నవి ఉపగ్రహానికి ఆనవని వీరవేణి చెప్పబోయింది. రాజుగారు అప్పటికే లోయలోకి దిగిపోతున్నారు.

గంటకు పొదల్లో మేక దొరికింది గానీ కదలదు. ఆకు చూపిస్తే మొహం తిప్పుకుంది. రాజుగారు సంచిలోంచి పటం తీశారు. అటూ ఇటూ తిప్పి, ఎర్ర సిరా గీతా, సంతకమూ ఉన్న మూలను ఎంచి మరీ దాని మూతికి అందించారు. గట్టుమీంచి వీరవేణి చూస్తూనే ఉంది. మేక నములుతూ ఒక్కో అడుగూ పైకి వచ్చింది.

పటమేదని పైఅధికారి అడిగితే, మేక తినేసిందని, కొత్తది గీయించి ఇస్తానని చెప్పారు రాజుగారు. ఆఫీసంతా వారం రోజులు నవ్వింది. వాళ్ళతోపాటు ఆయనా నవ్వారు.

వీరవేణి పచ్చటి వాలుతో కొత్త పటం గీసింది. తర్వాత కొండల వైపు బయల్దేరిన జీపులో ఒక అరటి గెల ఎక్కించింది. ఎవరికని డ్రైవర్ అడిగితే, బుల్లెమ్మగారి మేకకని చెప్పింది.