కొండాయన వదిలేసిన తెలుపు

కువైట్‌కు వచ్చిన కొత్తలో, గోడకు రంగు వేయడం వచ్చినవాడికి రంగులన్నీ తెలిసినట్టేనని నమ్మేవాణ్ణి. నాకు తెలియనిది ఎంతుందో తెలియకపోవడమే ఆ రోజుల్లో నాకున్న ధైర్యం. పెయింటింగ్ పనిలోకి నన్ను తెచ్చింది మా అక్క భర్త. మా బామ్మర్ది బి.ఏ. అని బావ కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. (రెండు సబ్జెక్టులు మిగిలాయన్న సంగతి ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.) బావ పోయి నాలుగు నెలలైంది. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే ముందుగా సల్వాలో మేం రంగులేసిన ఆ ఇల్లే గుర్తొస్తోంది.

ఆ ఇంటి మేడం రిటైరైన డ్రాయింగ్ టీచరు. వందేళ్లకు ముందు ఫ్రాన్సులో పనిచేసిన నలుగురు చిత్రకారుల బొమ్మలు చూసి, నూనె రంగులతో తాను వేసుకున్న నకళ్లు హాల్లో తగిలించింది. వెలుతురు కంటికి ఎలా కనబడితే అలా వేయడం వాళ్ల ముందువాళ్లు నేర్పారట. అది చాలదని, లోపల ఎలా తోస్తే అలా వేసినవాళ్లు ఈ నలుగురట. ఆమె పేర్లు చెప్పింది గానీ మాకు నిలవలేదు. బావ తానే పెట్టాడు: చెవి కోసుకున్నాయన, చుక్కలాయన, దీవికి పోయినాయన, కొండాయన. (ఆ తర్వాత వాళ్ల గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. అసలు పేర్లు నోటికొచ్చు. అయినా ఇక్కడ బావ పెట్టినవే ఉంచుతాను.) "రంగు ఇంత మందం పూస్తే ఎప్పటికి ఆరాల రా?" అని చెవి కోసుకున్నాయనను తప్పుపట్టాడు. "ఈ చుక్కలాయన మన కంపెనీలో చేరింటే మొదటి దినమే టికెట్ కొట్టిందురు."

టికెట్ మాట మాకు ఊరికే రాలేదు. ఆ వారమే బావ ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, రెన్యూవల్. ఇంకొక్క ఇంటినుంచి ఫిర్యాదు వస్తే ఖలాస్, ఊరికి పొమ్మని మా వీసాలకు పూచీ ఉన్న యజమాని, కఫీల్, ముందే చెప్పాడు. (మొదటి ఫిర్యాదుకు కారణం నేను ఒలకబోసిన డబ్బా.)

మూడో రోజు మేడం జమియాకు సరుకులకు వెళ్లింది. బావ పైన ఉన్నాడు. బొమ్మలకు కప్పిన ప్లాస్టిక్, అంచుల టేపు పీకుతున్నాను. కొండ బొమ్మలో, చెట్ల పక్కన ఐదారు చోట్ల ఒట్టి గుడ్డ తెల్లగా కనబడింది. టేపుతోపాటు రంగు ఊడొచ్చిందనుకున్నాను. (టేపు వేసింది అంచులకు, తెలుపు ఉన్నది నడిమధ్య. బి.ఏ. బుర్రకు అది తట్టలేదు.) గోడల ఎమల్షన్‌లో నీలం, బూడిద రంగు కలిపి, ఒక్క తెలుపూ మిగలకుండా పూడ్చేశాను. అచ్చం కలిసిందని మురిసిపోయాను కూడా.

మేడం వచ్చీ రాగానే బొమ్మ ముందు ఆగింది. "దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అని ఇంగ్లీషులో అడిగింది. అప్పుడే దిగొచ్చిన బావ నా ముఖం చూశాడు.

"నేనే అని చెప్పు."

"బావా..."

"చెప్పు రా. ఇంగ్లీషు వచ్చు గదా నీకు."

చెప్పాను. నన్ను కాపాడే అబద్ధాన్ని నేనే వ్యాకరణం తప్పకుండా ఇంగ్లీషులోకి మార్చాను. ఆమె తెల్ల రంగు అంటిన బావ చేతులు చూసింది, తర్వాత నీలం అంటిన నా వేళ్లు చూసింది. తడిగుడ్డ తెచ్చి నా చేతికిచ్చింది. నేను తుడుస్తుంటే పక్కనే నిలబడి చెప్పింది: ఏ రంగు పడాలో తేలనిచోట ఆ చిత్రకారుడు రంగు వేయకుండా వదిలేసేవాడట, ఆ ఒక్క కొండ ముందే ఏళ్ల తరబడి కూర్చున్నాడట. "ఆ ఖాళీలను ఖాళీగా ఉంచడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది. మెల్లగా తుడువు." తర్వాత కఫీల్‌కు ఫోన్ చేసింది. బావ మెట్లమీద కూర్చుండిపోయాడు. అరబ్బీలో మాకు అర్థమైంది 'జైన్' ఒక్కటే, బాగుందని. పైనున్న మరో రెండు గదులూ మమ్మల్నే వేయమందని కఫీల్ తర్వాత చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో అడిగాను. "పోయేది నీ ఇఖామానే కదా బావా, ఎందుకు నెత్తినేసుకున్నావు?"

"నాది పోతే పోతాది. నిన్ను పంపించేస్తే మీ అక్కకు నేను జవాబు చెప్పుకోవాల. ఆ పని నాతో కాదు సామీ."

నాలుగు నెలల కిందట సులైబియాలో ఒక గోదాము గోడకు రంగు వేస్తూ బావ కూలబడ్డాడు. అక్కకు జవాబు చెప్పుకోవాల్సినవాణ్ణి నేనయ్యాను.

పోయిన శుక్రవారం ఫోన్లో, "ఆయప్ప అక్కడ ఎట్లుంటాండెనో ఏమన్నా చెప్పు రా" అంది అక్క. ఇన్నేళ్లూ సిగ్గుతో దాచిన ఈ సంగతి మొత్తం చెప్పాను. అక్క ఏడుస్తుందనుకున్నాను.

"ఇంతకీ ఆ నీలం సరిగ్గా కలిపినావా?" అంది.

"అచ్చం కలిసిందక్కా" అన్నాను. ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది.